తలవైపు గోడ

మిక్సీ ఆపింది. కుళాయి కట్టేసింది. ఫ్యాను స్విచ్చి కూడా నొక్కి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా తల పైకెత్తి చూస్తూ, తడి చేతులు తుడుచుకోవడం మర్చిపోయి వంటింటి మధ్యలో నిలబడింది. ఉంది. ఇవాళ కూడా ఉంది. చెవితో విన్నట్టు ఉండదది. అరికాళ్ళలోంచి పైకి పాకి, పళ్ళ చిగుళ్ళ దగ్గరికొచ్చి ఆగుతుంది. ఎవరో పక్కగదిలో నోరు మూసుకుని, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా, ఒకే స్వరం మీద మూలుగుతున్నట్టు.

"అన్నం పెడతావా, గోడలతో కబుర్లు చెబుతూ ఉంటావా?" అన్నాడు భర్త, కుర్చీ ముందుకు లాక్కుంటూ. ఆఫీసు రెండు వీధుల అవతలే కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తాడు.

"కబుర్లు కాదండీ. వింటున్నాను. ఒక్క నిమిషం మీరూ వినండి. అదిగో, ఇప్పుడే మొదలైంది."

అతను వింటున్నట్టు ముఖం పెట్టాడు. ఆ నిమిషంలో సగం కూడా గడవలేదు. "ఏమీ లేదు. నీ చెవుల్లోనే ఉంది. కూర ఇలా తే, చల్లారిపోతోంది," అన్నాడు. అంటున్నంతసేపూ కూరగిన్నె వైపే చూశాడు.

నీ చెవుల్లోనే ఉంది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఆమెకి దొరుకుతున్న జవాబు అది. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గాజు గదిలో కూర్చోబెట్టి, సన్న చప్పుళ్ళూ బొంగురు చప్పుళ్ళూ వినిపించి, మీ వయసుకి ఇంత బాగా వినేవాళ్ళు అరుదమ్మా అన్నాడు. తిరిగొస్తూ దారిలో భర్త, "చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. అంటే బాగోలేనిది ఇంకేదో నువ్వే ఆలోచించుకో," అన్నాడు. ఆ సాయంత్రమే ఆడపడుచు ఫోను. "తప్పుగా అనుకోకు వదినా, మా అమ్మకి కూడా అచ్చం ఇలాగే మొదలైంది. పాపం, అన్నయ్య ఒక్కడే ఎంతమందికని పడతాడు?" పడినదెవరో ఆమెకి తెలుసు. పక్క దుప్పట్లు ఉతికిన చేతులకి తెలుసు. అయినా ఫోన్లో "అవును" అంది. ఆడపడుచులు అలా అన్నప్పుడు "అవును" అంటే ఫోను తొందరగా పెట్టేస్తారు. చివరికి వచ్చే గురువారానికి అత్తగారిని చూసిన పాత డాక్టరు దగ్గరే, మనసు డాక్టరు దగ్గర, అపాయింట్‌మెంటు తీసుకున్నాడు భర్త. ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ గురువారం దాటితే తనకి కూడా ఒక ఫైలు తయారవుతుంది. ఫైలున్న మనిషి ఏమన్నా, పాలు విరిగిపోయాయన్నా సరే, ముందు ఫైలు వైపు చూసి తర్వాత పాల వైపు చూస్తారు. అత్తగారి విషయంలో ఆమె స్వయంగా చూసింది. చూడటం ఏమిటి, తనూ అలాగే చేసింది.

అత్తగారు ఆ మాట మొదటిసారి అన్నది తొమ్మిదేళ్ళ క్రితం. వెనకగదిలో గోడ వైపు తలపెట్టి పడుకునేది ఆవిడ. "అమ్మాయ్, ఈ గోడ మూలుగుతోందే. ఒకసారి చెయ్యి పెట్టి చూడు." పొయ్యి మీద పాలున్నాయి. బకెట్లో బట్టలు నానుతున్నాయి. గుమ్మంలో నిలబడే, గోడ దాకా వెళ్ళకుండానే, "ఏమీ లేదత్తయ్యా," అంది. అబద్ధం చెప్పాలని కాదు. ఇంటెడు పని మధ్యలో ఆ రెండు మాటలే అన్నిటికంటే చిన్నవి. తర్వాత ఆవిడ రోజూ అంది. తర్వాత డాక్టరు, ఫైలు, తెల్లటి మాత్ర. మాత్ర ఇచ్చే పని కోడలిదే, ఇంట్లో ఉండేది తనే కాబట్టి. ఆవిడ దాన్ని నాలుక కింద దాచుకోవడం నేర్చుకుంది. దాచుకుందేమో చూడటం ఈమె నేర్చుకుంది. "నోరు తెరవండి అత్తయ్యా. ఇంకొంచెం. నాలుక పైకెత్తండి." డెబ్బై ఏళ్ళ మనిషి తన ముందు నోరు తెరిచి కూర్చునేది. చివరి ఏడాది ఆవిడ గోడ ఊసే ఎత్తలేదు. మందు పనిచేసిందని అందరూ సంతోషించారు. మాటలు కూడా బాగా తగ్గిపోయాయి, అదీ మందు గుణమే అనుకున్నారు. పోయి ఆరేళ్ళయింది.

ఆ గది ఇన్నాళ్ళూ పాత పరుపులకీ, ఇస్త్రీ బల్లకీ ఇచ్చేశారు. నాలుగు నెలల క్రితం ఒక ట్యుటోరియల్ వాళ్ళు ఫిజిక్సు ప్రశ్నపత్రాలు టైపు చేసిమ్మంటే, ఎప్పుడో చదివిన డిగ్రీ మళ్ళీ పనికొచ్చిందన్న సంబరంతో ఆమె ఆ గదిలో ఒక బల్ల వేసుకుంది. "ఆ గదెందుకు? హాల్లో కూర్చుని చేసుకోవచ్చుగా," అని భర్త రెండుసార్లు అడ్డుపడ్డాడు. టీవీ ముందు టైపు చెయ్యలేనని ఆమె వినలేదు. మూడో రోజో నాలుగో రోజో మోచెయ్యి గోడకి ఆనించి ఆలోచిస్తోంది. ఎముకలో ఏదో కదిలింది. అప్పుడు పట్టుబడింది ఆ చప్పుడు. ఒకసారి పట్టుబడ్డాక మరి వదల్లేదు. వంటింట్లో, స్నానాలగదిలో, తలగడలో. దానికంటే ఘోరం, అది వినపడ్డ ప్రతిసారీ దాని మీద ఇంకో గొంతు. అమ్మాయ్, చెయ్యి పెట్టి చూడు.

కాలేజీలో ల్యాబ్ మేడం ఒకావిడ అనేది: మీరేమనుకుంటున్నారో నాకు చెప్పకండి, కొలిచి చూపించండి. భర్త తిన్న కంచం తీస్తూ ఆమెకి ఆ మాట గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ "వినండి, వినండి" అని బతిమాలుకుందే గాని, కొలవాలని తోచలేదు ఎందుకో. ఇంట్లో పిండీ పాలూ జ్వరమూ అన్నీ కొలిచేది తనే అయి ఉండి.

ముందు ఫోనుతో రికార్డు చేసింది. గోడకి ఆనించి పది నిమిషాలు. వింటే ఏమీ లేదు. దూరంగా ఒక హారను, తన గాజుల చప్పుడు, అంతే. భర్తకి ఈ సంగతి తెలిసి, "చూశావా, ఫోన్లో కూడా లేదు. మిషనుకి పక్షపాతం ఉండదు కదా," అని నవ్వాడు. ఆ రోజంతా ఆమెకి చేతులు ఆడలేదు. మర్నాడు చదివి తెలుసుకుంది, మిషనుకీ పక్షపాతం ఉంటుందని. ఫోను మనుషుల మాటల కోసం చేసిన వస్తువు. బొంగురుగా, మెల్లగా, ఒకే తీరున ఎడతెగకుండా వచ్చేదేదైనా అనవసరమైన రొద కింద లెక్కగట్టి, రికార్డు కాకముందే తీసి పారేస్తుంది. గట్టిగా మాట్లాడేవాళ్ళ గొంతు మాత్రం శుభ్రంగా తుడిచి అందిస్తుంది. ఇది చదివి ఆమె చాలాసేపు ఫోను వైపు, ఇంటి మనిషిని చూసినట్టే చూసింది.

తర్వాత లాప్‌టాపు. దాని పక్కనున్న రంధ్రంలో మామూలు మైకు గుచ్చి, చప్పుళ్ళని గీతలుగా చూపించే ప్రోగ్రాము ఒకటి దింపుకుని పెడితే, తెర మీద ఎడమ చివర నిటారుగా లేచింది ఒక గీత. సెకనుకి యాభై కంపనాలు. పరుగున వెళ్ళి భర్తకి ఫోను చెయ్యబోయి, నంబరు నొక్కబోతూ ఆగింది. ల్యాబ్ మేడం అలవాటు చేసిన అనుమానం. మైకు ఊడబెరికింది. గీత అలాగే ఉంది. చార్జరు ఊడబెరికింది. గీత పడిపోయింది. అది గోడ మూలుగు కాదు, లాప్‌టాపు తన కడుపులో తను చేసుకునే కరెంటు గొణుగుడు. ఇంకొక్క నిమిషం ఆగకపోయి ఉంటే, భర్త ఆ చార్జరు ఊడదీసి చూపించి, గురువారం దాకా కూడా ఆగేవాడు కాదు. కూర్చుని ఒక కాగితం మీద రాసుకుంది: మైక్కీ లాప్‌టాపుకీ మధ్య వేరే పెట్టె ఒకటి కావాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. అది తన సొంత మాట కలపకూడదు. ఏ చప్పుడునీ అనవసరమని తనే తీర్మానించి తీసెయ్యకూడదు. చిన్నగా ఉన్నదాన్ని పెద్దది చేసి, పెద్దదాన్ని అణిచి, సర్దుబాటు చెయ్యకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రాసుకున్నదంతా మళ్ళీ చదువుకుంటే, పెళ్ళిచూపులప్పుడు ఎవరూ అడగనివ్వని ప్రశ్నల జాబితాలా ఉంది.

శనివారం పొద్దున్న వాద్యాలూ మైకులూ అమ్మే దుకాణానికి వెళ్ళింది, సంచిలో లాప్‌టాపు పెట్టుకుని. అద్దాల బల్ల వెనక దుకాణదారు లేచి నిలబడ్డాడు.

"ఎవరికమ్మా? బాబు పాడతాడా, పాప పాడుతుందా?"

"నాకే."

"ఓహో, మీరు పాడతారా!"

"పాడను. ఒక చప్పుడు కొలవాలి."

అతను ఓర్పుగా నవ్వాడు. "ఇవి కొంచెం టెక్నికల్ మేడమ్. ఒకసారి సార్‌ని కూడా తీసుకురండి, వివరంగా చెబుతాను."

"మా సార్‌ది కామర్సండీ."

లోపల తెర వెనక ఎవరో ఫక్కున నవ్వారు. దుకాణదారు అటు కోపంగా చూసి, ఎర్రటి పెట్టె ఒకటి దించాడు. దాని నిండా వెలిగే బటన్లు. "ఇది ఇప్పుడు బాగా నడుస్తోంది. మీరేం చెయ్యక్కర్లేదు, అన్నీ అదే చూసుకుంటుంది. గొంతు చిన్నదైతే పెంచుతుంది. వెనక రొద ఉంటే కోసేస్తుంది. కింది స్థాయి చప్పుళ్ళు అసలు రానివ్వదు."

"రానివ్వకపోతే నాకెందుకండీ? నాకు కావలసింది అవే. ఆ కోత ఆపే బటనుందా?"

"దేనికమ్మా ఆపడం? అది దాని గొప్ప."

"సరే. మైకు గుచ్చకుండా, ఖాళీగా, ఇది ఎంత చప్పుడు చేస్తుందో చూడొచ్చా?"

దుకాణదారు జవాబు చెప్పేలోగా తెర తొలగించుకుని రిపేరు చేసే పెద్దాయన బయటికొచ్చాడు. నుదుటి మీదికి నెట్టుకున్న భూతద్దం, చేతిలో ఇంకా వేడిగా ఉన్న, వైర్లు అతికే కడ్డీ. "నలభై ఏళ్ళుగా ఇక్కడ కూర్చున్నాను. మైకు లేకుండా పెట్టెని వింటానన్న మనిషిని ఇవాళే చూశాను. కూర్చోమ్మా," అన్నాడు. మైకు గుచ్చేచోట ఏ చప్పుడూ రాకుండా మూసేసే చిన్న బిరడాలాంటిది తెచ్చి ఎర్రపెట్టెకి పెట్టాడు. ఆమె లాప్‌టాపు తెరిచి, చార్జరు లేకుండా బ్యాటరీ మీదే నడిపింది. తెర మీద ఎర్రపెట్టె ఖాళీతనం కనిపించింది. గీతలు, గీతల మధ్య గడ్డీ గాదం. ఎవరూ పలకరించకపోయినా తనలో తను సణుక్కునే మనిషిలా. పెద్దాయన పై అర నుంచి బూడిదరంగు పెట్టె ఒకటి దించాడు. దుమ్ము పట్టి ఉంది. రెండు గుండీలు, రెండు రంధ్రాలు, ఒక పచ్చ దీపం. గుండీ తిప్పితే టిక్కు టిక్కుమని ఒక్కో గాటు మీద ఆగుతోంది.

"దీన్నెవరూ కొనరమ్మా. గొంతుని అందంగా చెయ్యదు కదా."

బిరడా పెట్టి చూశారు. తెర అడుగున ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఒకటే చదును.

"గుండీ గాట్లెందుకో తెలుసా?" అన్నాడాయన.

"ఇవాళ ఎక్కడ పెట్టి కొలిచానో, రేపూ అక్కడే పెట్టడానికి. లేకపోతే రెండు రోజుల్ని పోల్చలేం."

పెద్దాయన దుకాణదారు వైపు తిరిగి, "విన్నావా? సార్‌ని తీసుకురమ్మన్నావు," అన్నాడు. దానితోపాటు పెన్సిలంత సన్నటి కొలత మైకు ఒకటిచ్చాడు. ప్రతి మైక్కీ ఒక చీటీ ఉంటుందట. ఎక్కడ ఎక్కువ చెబుతుందో, ఎక్కడ తక్కువ చెబుతుందో తన తప్పులన్నీ ముందే ఒప్పుకుంటూ. ఆమె ఆ చీటీని మడతపెట్టి పర్సులో భద్రంగా దాచుకుంది. డబ్బు ప్రశ్నపత్రాలదే కాబట్టి ఎవరినీ అడగలేదు. "ఇంటికెళ్ళాక ముందు దీన్ని దీనికే వినిపించండి," అన్నాడు పెద్దాయన, గుమ్మం దాకా వచ్చి. "బయటికి పంపే రంధ్రం నుంచి లోపలికి తీసుకునే రంధ్రానికి వైరు కలపండి. తను చెప్పింది తనకే సరిగ్గా వినపడుతోందంటే, అప్పుడిక లోకం మాట నమ్మొచ్చు."

ఆదివారం భర్త స్నేహితుడి ఇంటికి వెళ్ళాక అలాగే చేసింది. పంపింది, వచ్చింది, రెండూ ఒకటే. డిగ్రీనాటి ల్యాబ్ రికార్డులో మిగిలిపోయిన తెల్లపేజీలు ఉన్నాయి. ఒక పేజీకి గళ్ళు గీసింది: తేదీ, వేళ, చోటు, కొలత, విన్నవారు. చివరి గడి ల్యాబ్‌లో నేర్పింది కాదు. చెయ్యి దానంతటదే గీసింది.

తర్వాత మైకుని ఇల్లంతా తిప్పింది. హాల్లో సన్నటి గీత. వంటింట్లో కొంచెం పెద్దది. వెనకగది గుమ్మంలో ఇంకా పెద్దది. అత్తగారి మంచం ఆ గదిలోనే ఉంది, దాని మీద పాత పరుపులు దొంతరగా పేర్చి. అవి దించింది. తలగడ ఉండే చోట, సరిగ్గా ఒక చెవి ఉండే ఎత్తులో, మైకు పట్టుకుంది. గీత తెర పైఅంచుని తాకింది. నలభై ఎనిమిదిన్నర. యాభై కాదు. లాప్‌టాపు గొణుగుడు కాదని అక్కడే తేలిపోయింది. కరెంటు సరిగ్గా యాభై కొడుతుంది. దాని మీద నడిచే మోటారు ఎప్పుడూ ఒకటి రెండు అడుగులు వెనక నడుస్తుంది, వెనకబడకపోతే దానికి లాగే బలమే ఉండదు. కాలేజీలో ఈ పాఠం చదివినప్పుడు ఆడపిల్లలంతా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వింది ఎందుకో మేస్టారికి అర్థం కాలేదు. ఇప్పుడు ఆమెకి నవ్వు రాలేదు. ఇరవై నిమిషాలు మూలిగి, పదకొండు నిమిషాలు ఆగి, మళ్ళీ ఇరవై. అత్తగారు మూడేళ్ళు తలపెట్టుకుని పడుకున్న చోటది. ఆమె ఇన్నాళ్ళకి గోడ మీద అరచెయ్యి ఆనించింది. గోడ అరచేతిలో సన్నగా వణికింది.

సోమవారం పొద్దున్న ఆ మోటారు వెతుక్కుంటూ చుట్టూ తిరిగి వెనకసందులోకి వెళ్ళింది. తమ గోడకి అవతలివైపు ఒక మందుల గోదాము. చల్లగది యంత్రాన్ని బోల్టులతో ఉమ్మడి గోడకే బిగించారు. గుమస్తా బయట నిలబడి అట్టపెట్టెలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఇది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందా బాబూ?"

"మాత్రలూ ఇంజక్షన్లూ చల్లగా ఉండాలి కదమ్మా. కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది."

"ఎన్నాళ్ళయింది పెట్టి?"

"గోదాం తెరిచినప్పటి నుంచీ. తొమ్మిదేళ్ళు. ఏం, ఆ గోడ అవతల ఎవరైనా ఉంటారా?"

"ఉండేవారు," అంది ఆమె.

ఇంటికొచ్చి గోదాము సంగతి రికార్డులో రాసుకుంది. ఇక భర్తకి చూపించవచ్చు. అయినా ఒక రోజంతా కొలిచి, ఎన్నిసార్లు మొదలై ఎన్నిసార్లు ఆగిందో లెక్క పూర్తిచేస్తే ఎవరూ వంక పెట్టలేరనుకుంది. మంగళవారం ఆమె సరుకులకి వెళ్ళే రోజు. భర్తకి అన్నం బల్ల మీద మూతపెట్టి, మైకుని మంచం తలవైపు నిలబెట్టి, లాప్‌టాపు తెర సగం వంచి, రికార్డు నొక్కి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి కంచం బల్ల మీదే ఉంది, ఎండిన మెతుకులతో. సరుకులు సర్ది, కంచం కడిగి, సాయంత్రం టీ సన్నమంట మీద పెట్టి వెనకగదిలో కూర్చుని చూసింది. పొద్దున్నించీ నలభై ఎనిమిదిన్నర దగ్గర గీత వెలుగుతూ ఆరుతూ ఎంత బుద్ధిగా ఉందో. మధ్యలో ఒంటిగంటా పదికి మాత్రం తెరంతా చెదిరి ఉంది. ఏదో పడిపోయి ఉంటుందనుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

తలుపు కిర్రుమంది. చెప్పులు. ఆ నడక ఎవరిదో చెప్పక్కర్లేదు. మంచం మూలిగింది, ఎవరో కూర్చున్నట్టు. తర్వాత ఏమీ లేదు, గోడ తప్ప. చాలాసేపు. అప్పుడు భర్త గొంతు. పదిహేడేళ్ళ కాపురంలో ఆ గొంతు ఆమె వినలేదు. చిన్నపిల్లాడి గొంతు.

"ఆపమ్మా."

గోడ మూలుగుతూనే ఉంది.

"ఇంక ఆపు. మాత్రలు పెట్టించింది నేనే. సరేనా? నేనే. ఆపమ్మా, నీకు దణ్ణం పెడతాను."

వేలి కణుపుతో గోడ మీద మూడు దెబ్బలు. ఇంకాసేపటికి, ఇరవై నిమిషాలు నిండాయి కాబట్టి, యంత్రం ఆగింది. ఆగడం అతనికి మరోలా అర్థమైంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఆఁ," అన్నాడు, మాట విన్న మనిషితో అన్నట్టు. చెప్పులు, తలుపు.

హెడ్‌ఫోన్లు తీసి ఆమె మంచం అంచున కూర్చుంది. పరుపులు దించేసిన పట్టె మీద, మధ్యాహ్నం అతను కూర్చున్నచోటే అయి ఉంటుంది. వింటున్నాడు. తనకంటే ముందు నుంచీ, ఆరేళ్ళుగా వింటున్నాడు. కూరగిన్నె వైపు చూస్తూ ఏమీ లేదన్నప్పుడు వింటూనే ఉన్నాడు. చెవుల డాక్టరు దగ్గర బెంచీ మీద పక్కన కూర్చున్నప్పుడూ తెలుసు. తనకి వినపడేది అమ్మ అనుకున్నాడు. భార్యకీ వినపడుతోందంటే ఆ అమ్మ నిజమైపోతుంది. అందుకని భార్యకి పిచ్చి ఉండాలి. ఎంత సులువుగా తేల్చుకున్నాడు! జాలి కలగలేదా అంటే కలిగింది. రోజూ తల్లితో ఒంటరిగా బేరమాడుతున్న మనిషి మీద ఎవరికి కలగదు? కానీ ఆ జాలిని ఆమె కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. ఇన్నేళ్ళుగా అతని చొక్కాలు, అతని ఆకళ్ళు, అతని తల్లి మలమూత్రాలు, అన్నీ తనే ఎత్తింది. ఇప్పుడు అతని భయాన్ని కూడా తన తలలో పెట్టుకుని, దానికి మాత్ర కూడా తనే మింగాలా? టీ పొంగిపోయిన వాసన వచ్చింది. లేచి వెళ్ళి పొయ్యి తుడిచింది.

గురువారం పొద్దున్న భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో పాత ఫైలొకటి పట్టుకుని హాల్లోకొచ్చాడు. "తయారయ్యావా? అమ్మ ఫైలు కూడా తెమ్మన్నారు డాక్టరు. ఇదే ఇంట్లో ఇంకొకరికీ ఇలాగే మొదలైందన్నాను, పోల్చి చూస్తారట."

"మంచిపని చేశారు. కూర్చోండి, ఇది ఒకసారి చూడండి." ల్యాబ్ రికార్డు అతని ముందు తెరిచి పెట్టింది.

"ఏమిటిదంతా?"

"కొలత. వెనకసందులో మందుల గోదాము ఉంది. వాళ్ళ చల్లగది యంత్రం మన గోడకే బిగించారు. తొమ్మిదేళ్ళయిందట. అదే మూలుగుతోంది."

అతని వేలు గళ్ళ మీద కిందికి జారుతోంది. మొట్టమొదటి వరుసలో తొమ్మిదేళ్ళ కిందటి సంవత్సరం. కొలత అన్నచోట, చెయ్యి పెట్టి చూడమన్నారు, చూడలేదు, అని ఉంది. విన్నవారు: అత్తగారు. కింద అన్ని వరుసల్లో విన్నవారు: నేను. మంగళవారం, ఒంటిగంటా పది అన్న వరుసలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. వేలు అక్కడ ఆగింది.

"నువ్వు... నన్ను రికార్డు చేశావా?"

"గోడని రికార్డు చేశానండీ. మధ్యలో మీరే వచ్చారు."

అతని ముఖం పాలిపోయింది. "ఎవరికైనా వినిపించావా?" అన్నాడు, ముందుగా తోచింది అదే.

"లేదు. ఆ గడి నింపాల్సింది మీరు."

పెన్ను పక్కనే ఉంది. అతను దాన్ని తీసుకోలేదు. అప్పుడే మొదలైంది గోడ. ఇద్దరూ ఒకేసారి వెనకగది వైపు తల తిప్పారు, తిప్పామని ఇద్దరికీ తెలిసింది.

"యంత్రమా?" అన్నాడు చివరికి. "ఉట్టి యంత్రమేనా?"

"ఉట్టి యంత్రమే. ఆవిడ కాదు. ఆవిడ ఎవరినీ ఏమీ అనడం లేదు."

అతను రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. నీళ్ళు తేవాలని ఆమె కాళ్ళు అలవాటుగా లేవబోతే వాటిని కూడా ఆపింది. కాసేపటికి అతనే సర్దుకుని, పాత గొంతు తెచ్చుకుని, "సరేలే. అయితే డాక్టరు దగ్గరికి వద్దు. రావడం లేదని ఫోన్ చేసేస్తాను. గోదాం వాళ్ళతో నేను మాట్లాడతాను. ఇంక దీని గురించి ఎవరి దగ్గరా..." అన్నాడు.

"ఫోన్ చెయ్యకండి. వెళ్దాం."

"ఇంకెందుకు? నీకేం లేదని తేలిపోయిందిగా!"

"నా కోసం కాదు," అంది. అతని ఒళ్ళోంచి ఫైలు తీసుకుని, బూడిదరంగు పెట్టె ఉన్న సంచిలో పెట్టుకుంది.

డాక్టరు గదిలో భర్త గోడవార కుర్చీలో కూర్చున్నాడు. ఆమె బల్లకి ఎదురుగా. డాక్టరు కొత్త ఫైలు ఒకటి తెరిచి, పైన తేదీ వేసి, మెత్తగా అడిగాడు. "చెప్పండమ్మా. ఎప్పటి నుంచి వినిపిస్తోంది?"

"తొమ్మిదేళ్ళ నుంచి. మా అత్తగారికి."

"ఆవిడ రాలేదా?"

"పోయి ఆరేళ్ళయిందండీ." పాత ఫైలు మొదటి పేజీ తెరిచి ఆయన వైపు తిప్పింది. దాని పక్కన ల్యాబ్ రికార్డు, దాని మీద తన తప్పులు తనే ఒప్పుకునే మైకు చీటీ. "ఇక్కడ మీరు, లేని చప్పుడు వినిపిస్తోందని చెబుతున్నారు, అని రాశారు. అందులో లేని అన్న మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాలి. ఎందుకో ఈ పేజీలో ఉంది. చదవండి, తొందరేం లేదు."

డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. భర్త వైపు చూశాడు. భర్త నేల వైపు చూస్తున్నాడు. మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని రికార్డు దగ్గరికి లాక్కున్నాడు. ఒక పేజీ, రెండో పేజీ. చాలాసేపటికి, ముందు తెరిచిన కొత్త ఫైలు మూసి పక్కన పెట్టి, పాతదాని మీద ఆ ఒక్క మాటకి అడ్డంగా గీత గీశాడు.

"ఇంకేమైనా మార్చాలా?" అన్నాడు.

ఆమె ఆ పేజీ అడుగుదాకా చూసింది. మందు ఇచ్చేవారు అని ఉన్నచోట, కోడలు, దాని కింద తన సంతకం, చిన్నప్పుడు నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో. దాన్ని కొట్టెయ్యమని ఆమె అడగలేదు.